అరవై లెక్కపెట్టేలోపు

నా చిన్నప్పుడు మా పక్క క్వార్టర్ వరండాలోంచి ఒక తియ్యటి వాసన వచ్చేది. పళ్ళ వాసనా కాదు, మందుల వాసనా కాదు. దాని పేరు క్లోరోఫాం అనీ, సినిమాల్లో రుమాలు మీద పోసి మనుషుల్ని పడగొట్టేది అదేననీ ఎవరో చెప్పాక, మా సెక్టర్ 4 పిల్లలందరం ముక్కులు మూసుకుని ఆ వరండా ముందునుంచి పరుగెత్తేవాళ్ళం. పడిపోయినవాళ్ళు ఒక్కరూ లేరు. పక్కింటి మావయ్య మాత్రం ఆ సీసా పక్కనే కూర్చుని, అద్దంలాంటి ప్లాస్టిక్ పలకల్ని అతికిస్తూ, కళ్ళజోడు పైనుంచి మమ్మల్ని చూసి నవ్వుకునేవాడు.

ఆయన మాకు చుట్టం కాదు. మాది విజయనగరం వైపు, వాళ్ళది భీమిలి దగ్గర. ఆదివారం మేం తలంట్లు పోసుకుని మత్తుగా పడుంటే, వాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళేవాళ్ళు. ఉక్కు ఫ్యాక్టరీ తెచ్చి ఈ హిందీవాళ్ళ ఊళ్ళో ఒకే గోడకి అటూ ఇటూ పడేసింది, అంతే. అయినా ఆయన మావయ్య, ఆవిడ అత్త. కోక్ ఓవెన్స్‌లో పనిచేసే మా నాన్న బొగ్గు మసితో నల్లగా ఇంటికొస్తే, మావయ్య తెల్లటి పొడి కొట్టుకుని వచ్చేవాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి కొలిమి లోపల ఏం జరుగుతుందో చూపించడానికి లోపలంతా కనబడే నమూనాలు చేస్తారు, ఆయన పని అక్కడ. మిగిలిన ముక్కలకి గేట్ పాస్ రాయించుకుని ఇంటికి తెచ్చి, మాకు పెన్సిళ్ళ పెట్టెలూ, అత్తకి పోపుల డబ్బా, చర్చికి పాటల పుస్తకాల స్టాండూ చేసేవాడు. యాక్రిలిక్ అనే మాటకి మాకు నోరు తిరిగేది కాదు. అద్దం పలక అనేవాళ్ళం.

ఇవాళ మా వీధిలో ఎవరికేం విరిగినా నిమిషంలో అంటుకునే జిగురు పిండేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పలకల్ని అతికించడం జిగురు పని కాదు. క్లోరోఫాం రెండు అంచుల్నీ పైపైన కరిగిస్తుంది, కరిగిన అంచులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అది ఆవిరైపోతుంది. సరిగ్గా కుదిరిన అతుకు ఎక్కడుందో వెతికినా కనబడదు. కుదరకపోతే మాత్రం ఊడదీసి మళ్ళీ చేద్దామంటే కుదరదు, రంపం పెట్టి కొయ్యాల్సిందే. ఈ సంగతి నాకు పదకొండేళ్ళప్పుడే తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఆ ఏడాది శ్రావణంలో వాన తెరిపి ఇవ్వలేదు. అమ్మకి ఏడో నెల నిండీ నిండకుండానే నొప్పులొచ్చి, గురువారం పొద్దున తమ్ముడు పుట్టాడు. కిటికీ అద్దంలోంచి నాకు ఒక్కసారి చూపించారు. నాన్న అరచెయ్యి నుంచి మోచేతి దాకా కూడా లేడు. ఊపిరితిత్తులు ఇంకా తయారవలేదనీ, ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోందనీ పెద్దవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. అలాంటి పిల్లల తల మీద అద్దంలాంటి పెట్టె ఒకటి బోర్లించి, దాంట్లోకి ఆక్సిజన్ వదలాలిట. ఆ వార్డులో అలాంటివి రెండే ఉన్నాయి. రెండింట్లోనూ అప్పటికే ఇద్దరు పసివాళ్ళున్నారు. ఇంకొకటి నాగపూర్ నుంచి రావాలి, వారం పట్టవచ్చు. అందాకా వాడి ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టారు. అది మాటిమాటికీ జారిపోతోంది.

శుక్రవారం పొద్దున నాన్న ఇంటికొచ్చి సైకిల్ స్టాండ్ వెయ్యడం మర్చిపోయి, దాన్ని అలాగే పట్టుకుని వానలో నిలబడ్డాడు. నాన్నని అలా నేనెప్పుడూ చూడలేదు. పక్క వరండాలోంచి మావయ్య వచ్చి సైకిల్ తీసుకుని గోడకి ఆనించి, సంగతంతా విన్నాడు. టేపు జేబులో వేసుకుని నాన్నతో ఆసుపత్రికి వెళ్ళి, వాడుతున్న పెట్టెని కొలిచి, డాక్టరుతో మాట్లాడి, పదిగంటలకల్లా తిరిగొచ్చాడు. డాక్టరు ఒక్కటే షరతు పెట్టాడట, పెట్టెలో రవ్వంత వాసన కూడా ఉండకూడదని.

ఇంట్లో ఆయన దగ్గర పల్చటి పలక లేదు. క్రేన్ క్యాబిన్ కిటికీకి కోయగా మిగిలిన అరంగుళం మందం పలక ఒక్కటే ఉంది. పల్చటిదైతే పని తొందరగా తెముల్తుందిట. మందపాటిదానికి అంచు నిండా కరగాలి, బరువు సరిగ్గా దిగాలి, ఆరడానికీ టైం పడుతుంది. వాసన పోయేదాకా ఆగకపోతే ఏమవుతుందని నాన్న అడిగాడు. అడిగినట్టు లేదు, బతిమాలినట్టుంది.

"మనం పీలిస్తేనే తల తిరుగుతాది. ఆడు గుప్పెడున్నాడు. ఒక పగలూ ఒక రాత్రీ గాలి తగలాల బావా," అన్నాడు మావయ్య. నాన్న తలూపి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

అత్త అమ్మకి తోడుగా వార్డులో ఉండిపోయింది కాబట్టి నన్ను మావయ్యకి అప్పజెప్పారు. ఆ రోజంతా ఆయన కోస్తూనే ఉన్నాడు. కోసిన అంచుల్ని ఆకురాయితో అరగదీశాడు. తర్వాత దళసరి గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి, నీళ్ళు పోసుకుంటూ ఒక్కో అంచునీ రుద్దాడు. నీళ్ళు పొయ్యడం నా పని. మంట చూపిస్తే అంచు తళతళలాడుతుంది కదా, ఇంత కష్టమెందుకని అడిగాను, ఆయన పెన్సిల్ పెట్టెలకి అలా చెయ్యడం చూశాను మరి. అతికించే అంచుకి మంట తగిలితే తర్వాత లోపల గీతల్లాగా పగుళ్ళొస్తాయని చెప్పాడు. రుద్దడం అయ్యాక రెండు ముక్కల్ని ఒకదానిమీద ఒకటి నిలబెట్టి కిటికీకి అడ్డంగా పట్టుకుని, మధ్యలోంచి వెలుగు కనబడుతోందేమో చూడమన్నాడు. సన్నటి గీతలా కనబడుతోందన్నాను. మళ్ళీ రుద్దాడు. "ఎలుతురు దూరితే గాలీ దూరుతాది," అన్నాడు.

ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది. తమ్ముడి గాలి దూరి బయటికి పోతుంది. ఆ గాలి పోకుండా చూడటం నా బాధ్యత అని నాకు నేనే అనేసుకున్నాను. ఎవరూ అడగని బాధ్యత నెత్తినేసుకోవడం నాకు అప్పట్నుంచీ ఉన్న జబ్బు.

శనివారం పొద్దునే నాలుగు పక్కలూ నిలబెట్టి అతికించాడు. ముందువైపు పలకకి మెడ పట్టేలా సగం చందమామ ఆకారంలో కోత, వెనకవైపు గొట్టానికి బెజ్జం. పదకొండు గంటలప్పుడు మిగిలింది పైన మూత. అరంగుళం మందం కదా, బరువుగా ఉంది. కరెంటు తీగని ఒలిచి, వెంట్రుకంత రాగిపోగులు ఆరు తీసి, పక్కల అంచుల మీద అక్కడక్కడా అడ్డంగా వేశాడు. వాటిమీద మూత దించాడు. అప్పుడు మూతకీ పక్కలకీ మధ్య ఆ పోగు మందం సందుంటుంది. ఇంజెక్షన్ సిరంజిలోకి క్లోరోఫాం ఎక్కించి, ఆ సందు వెంట సూది నడిపించాడు. అది దానంతటదే లోపలికి పాకిపోవడం కంటికి కనబడుతుంది. అరవై లెక్కపెట్టేదాకా అంచుల్ని నాననివ్వాలి. ఆ తర్వాత పోగుల్ని ఒక్కొక్కటే లాగేస్తే, మూత తన బరువుకి తనే మెల్లగా కూర్చుంటుంది.

"ఇక్కడితో మన పని అయిపోనాది. ఇంక అదే సేసుకుంటాది. సేతులెనక్కెట్టుకుని అరవై లెక్కెట్టు," అన్నాడు నాతో.

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. గట్టిగానే లెక్కపెట్టాను. ఇరవై దాటుతుండగా వాన ఒక్కసారిగా ఊపందుకుంది. జల్లు లోపలికి కొట్టడం మొదలుపెట్టింది. మావయ్య కిటికీలు ముయ్యడానికి వెనక్కి తిరిగాడు. అప్పుడు చూశాను నేను, నా వైపు మూలలో సన్నటి వెలుగు. వేలి వెడల్పుంటుందేమో, అంతే. అక్కడిదాకా క్లోరోఫాం పాకలేదు. ఇంకో నాలుగు అంకెలు ఆగితే పాకేది. అక్కణ్ణుంచి తమ్ముడి గాలి పోతుందనిపించింది. నోటితో ముప్ఫయి ఆరు, ముప్ఫయి ఏడు అంటూనే, కుడి అరచెయ్యి తెచ్చి ఆ మూలమీద పెట్టి ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. వెలుగు పోయింది. ఎంత సంబరపడ్డానో! చెయ్యి తీశాను. మూల చిన్నగా పైకి లేచింది. లేస్తూనే అంచు లోపల బుడగలు, సగ్గుబియ్యం గింజల్లా, ఒకదాని వెంట ఒకటి పుట్టుకొచ్చాయి. మూలనుంచి మొదలై జానెడు దూరం పోయాయి.

మావయ్య కిటికీ గడియ పెట్టి ఇటు తిరిగేసరికి నా చేతులు వెనకే ఉన్నాయి. నేను యాభై ఒకటి, యాభై రెండు అంటున్నాను. ఆయన అతుకు దగ్గరికి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నా అంకెలు అక్కడే ఆగిపోయాయి.

"వాన తల్లీ," అన్నాడు. "తేమ కొట్టీసినాది. కిటికీలు ముందే ముయ్యాల్సింది నాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాటని రెండు చేతులా పట్టుకున్నాను. వానే, అవును, వానే అని నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నా అరచేతికి ఆ పలక చల్లదనం ఇంకా తగులుతూనే ఉంది.

ఆ అతుకుతోనే ఇచ్చేస్తే సరిపోదా అని మీరడగవచ్చు. మధ్యాహ్నం ఇంటికొచ్చిన నాన్న కూడా అదే అడిగాడు. మావయ్య మూత అంచుని బొటనవేలితో కొంచెం పైకెత్తి చూపించాడు. ఆ మూల టిక్కుమని లేచిపోయింది. అంత బరువు మూత ఊడి ఆ పసిగుడ్డు తలమీద పడితే? వాన వల్ల చెడిందని మావయ్య చెబితే, నాన్న అలాగా అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఇప్పుడు చెప్పెయ్యి, ఇప్పుడు చెప్పెయ్యి అనుకుంటూ ఉండగానే నాన్న వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా మావయ్య చేతిరంపంతో ఆ పెట్టె పైభాగమంతా చుట్టూ కోశాడు. మళ్ళీ ఆకురాయి, మళ్ళీ ఉప్పుకాగితం, మళ్ళీ నీళ్ళు. పెట్టె రెండు వేళ్ళ ఎత్తు తగ్గింది. ఆదివారం పొద్దున వాన తెరిపిచ్చాక మూత మళ్ళీ అతికించాడు. ఆయన చర్చికి వెళ్ళని ఆదివారం నాకు తెలిసి అదొక్కటే. ఈసారి నన్ను లెక్కపెట్టమనలేదు. తనే లెక్కపెట్టుకున్నాడు. మూత కూర్చుంది. అతుకు ఎక్కడుందో కనబడలేదు. నీళ్ళంత తేటగా ఉంది. టేబుల్ ఫ్యాన్ పెట్టి, పెట్టెని దాని ఎదురుగా బోర్లించకుండా వెల్లకిలా ఉంచాడు. ఇంక సోమవారం పొద్దుటిదాకా చేసేదేమీ లేదు. మేమిద్దరం ఆ ఫ్యాన్ ముందు కూర్చున్నాం. నేను గంటకోసారి పెట్టెలో తల పెట్టి వాసన చూశాను. వాసన ఉంది. మళ్ళీ చూశాను. ఉంది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి తమ్ముడు పోయాడు.

ముందురోజు అనుకున్నట్టు మూత కుదిరి ఉంటే, ఆదివారం పదకొండింటికల్లా పెట్టె వార్డులో ఉండేది. ఐదు గంటలు. ఆ వయసులో నాకు తీసివేతలు బాగా వచ్చు. పెట్టె ఉంటే వాడు బతికేవాడా అంటే డాక్టరే చెప్పలేకపోయాడు. ఉన్నా కూడా, అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చెయ్యకుండా వెళ్ళిపోయాడట. ఆ వాక్యం నేను లక్షసార్లు పూర్తిచేసుకుని ఉంటాను, ఒక్కోసారి ఒక్కోలాగా.

సోమవారం పొద్దున మావయ్య పెట్టెలో తలపెట్టి చూసి, వాసన పోయిందన్నాడు. ఎవరికని ఎవరూ అడగలేదు. నాన్న దాన్ని పాత దుప్పట్లో చుట్టి సైకిల్ క్యారియర్ మీద పెట్టుకున్నాడు. నేను వెనకనుంచి పట్టుకుని నడిచాను. వార్డులో మరో పిల్ల ఉంది, ఎక్కడో దూరపు పల్లెనుంచి ముందురోజు వచ్చిన ఛత్తీస్‌గఢీ దంపతుల పిల్ల. సిస్టర్ పెట్టెని తుడిచి ఆ పిల్ల తలమీద పెట్టింది. కాసేపటికి ఆ పక్కటెముకల కింద గుంట తగ్గడం నేను చూశాను. ఆ తల్లి మా నాన్న కాళ్ళు పట్టుకోబోయింది. మా నాన్న వెనక్కి జరిగి, బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. అప్పటిదాకా ఏడవని మనిషి. నేను పక్కన నిలబడ్డాను. భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. నా చేతులు వెనకనుంచి రాలేదు.

నేను పెద్దయ్యి బళ్ళో సైన్సు టీచరునయ్యాను. ప్రదర్శనకి నీళ్ళ తొట్టి ఒకటి కావాల్సివచ్చి, మందపాటి పలకలు తెప్పించి, మావయ్య చేసినట్టే రాగిపోగులు వేసి అతికించాను. ఆషాఢం, బయట కుండపోత. కాసేపటికి ఆ అతుకు వెంట తెల్లగా, పాలపొరలాంటి మబ్బు కమ్మింది. తేమ కొడితే జరిగేది అది. బుడగ ఒక్కటంటే ఒక్కటి లేదు. అనుమానం తీరక పక్కన చిన్న ముక్కలు రెండు అతికించి, ఆరకముందే నొక్కి వదిలాను. సగ్గుబియ్యం గింజలు వచ్చాయి. ల్యాబ్‌లో స్టూలు మీద కూలబడిపోయాను. పిల్లలు నీళ్ళు తెచ్చిచ్చారు. ఇన్నేళ్ళూ సగం నమ్మిన వాన ఆ రోజుతో అయిపోయింది.

అప్పటికి మావయ్య రిటైరయ్యి స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఆదివారం చర్చి అయ్యే వేళకి వెళ్ళాను. ఆ రెండు ముక్కలూ సంచిలో పెట్టుకునే వెళ్ళాను. అత్త టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాక తీసి ఆయన చేతిలో పెట్టాను. ఒకటి తెల్లటి మబ్బుది, ఒకటి బుడగలది. వానకి బుడగలు రావు మావయ్యా, అన్నాను. ఆయన వాటిని వెలుగుకి పట్టి తిప్పి తిప్పి చూశాడు. పనివాడి చూపే అది, ఇంకా పోలేదు.

"రావు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నేను నొక్కానని తెలిసీ నన్ను కాపాడావు కదా అనో ఏదో అన్నాను. ఆయన ముక్కలు బల్లమీద పెట్టేశాడు.

"నిన్ను కాపాడ్డానికనుకున్నావేటి? పదకొండేళ్ళ పిల్లకి అప్పజెప్పి ఎనక్కి తిరిగినోణ్ణి నాను. ఆ మాట మీ నాన్నకి సెప్పలేక వాన మీదకి తోసీసినాను."

అత్త టీ తెచ్చింది, తాగాం. గేటు దాకా వచ్చి ఆటో ఎక్కించాడు. ఆయన చెప్పింది నిజమో, లేక ఆ రోజు చెప్పిన వాన లాంటిదే ఇంకొకటి నాకోసం అప్పటికప్పుడు అల్లాడో, నాకు ఇప్పటికీ తెలీదు. అడుగుదామంటే ఆయన లేడు. అమ్మకీ నాన్నకీ నేను చెప్పలేదు. వాళ్ళూ లేరు.

నిరుడు మా అమ్మాయికి కూడా నెలలు నిండకుండానే కాన్పయింది. గాబరా పడకండి, మనవరాలు బాగానే ఉంది, ఇప్పుడు నా కళ్ళజోడు లాగి విరగ్గొట్టే పనిలో ఉంది. కానీ మొదటి నాలుగు రోజులూ దాన్ని అద్దంలాంటి పెట్టెలోనే ఉంచారు. నన్ను లోపలికి పంపినప్పుడు పిల్లకంటే ముందు నేను చూసింది ఆ పెట్టె మూలల్ని. అతుకులు ఎక్కడా కనబడలేదు. అప్పుడు పిల్లని చూశాను. సిస్టర్ చిన్నపిల్ల, మంచిపిల్ల. పెట్టెకి పక్కనున్న గుండ్రటి తలుపు తెరిచి, "అమ్మాజీ, ఛూ లీజియే," అంది. చెయ్యి లోపల పెట్టి ముట్టుకోండి, ఫరవాలేదు, బామ్మ చెయ్యి తగిలితే పిల్లకి మంచిదే అని హిందీలో రెండుమూడుసార్లు చెప్పింది. పాపం, నేను చెవిటిదాన్ననుకుంది.

నాకు వినబడింది. నా చేతులు వెనకే ఉన్నాయి. అరవై లెక్కపెట్టాను. పిల్ల ఊపిరి పీలుస్తూనే ఉంది. మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టాను.